దొరకని టికెట్టుకే దండం

ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే రెండు జట్లు, ఒక బంతి, తొంభై నిమిషాలు అని ఇన్నాళ్లూ నమ్మిన అమాయకులకు 2025 డిసెంబర్ 13న కళ్లు తెరుచుకున్నాయి. మ్యాచ్‌కు కావలసింది టికెట్. అది కూడా దొరకని టికెట్. మిగతావి ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

ఆ శనివారం రాత్రి ఉప్పల్ స్టేడియానికి లియొనెల్ మెస్సీ వచ్చాడు. వెంట సహచర ఆటగాళ్లు సువారెజ్, డి పాల్. బొగ్గు తవ్వే సింగరేణి పేరు పెట్టుకున్న జట్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ వేసుకుని దిగారు. మెస్సీ కాసేపు బంతి అటూ ఇటూ తోశాడు, పిల్లలతో ఆడాడు, కొన్ని బంతులు గ్యాలరీల్లోకి తన్నాడు, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఇదే మనిషి 2011 సెప్టెంబర్ 2న కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో అర్జెంటీనా కెప్టెన్‌గా వెనెజువెలా మీద నిజం మ్యాచ్ ఆడాడు. అర్జెంటీనా 1-0తో గెలిచింది. పద్నాలుగేళ్లలో మన దేశం ఎంత ఎదిగిందంటే, ఇప్పుడు ఆయన ఆడనక్కర్లేదు, కనిపిస్తే చాలు.

కనిపించడానికీ రేట్లున్నాయి. గ్యాలరీలో కూర్చుంటే వేలల్లో. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో పక్కన నిలబడి ఫొటో దిగితే 9 లక్షల 95 వేలు, జీఎస్టీ అదనం. అదీ వంద మందికే అన్నారు. ఇంత కట్టుదిట్టంగా అమ్మాక ఊళ్లు వాదించుకోకుండా ఎలా ఉంటాయి?

ఉప్పల్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మా దేవరకొండ కూడా వాదించుకుంది. అప్పుడు సర్పంచ్ ఎన్నికల కాలం. డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పోలింగ్. బస్టాండ్ కాడి చాయ్ హోటల్లో ఎవడు గెలుస్తడు, ఎవడు ఎంత పంచిండు అన్న ముచ్చట తప్ప ఇంకోటి వినిపించకూడని రోజులు. అట్లాంటి రోజుల్లో కూడా ముచ్చట మెస్సీ మీదికి మళ్లింది.

“ఫొటోకు పది లక్షలా? గన్ని పైసలుంటే నేను బోరేసి బత్తాయి తోట పెడ్తుంటి” అన్నాడొక పెద్దాయన, గ్లాసు కింద పెట్టి.

“నీ బత్తాయికి లైకు ఎవడు కొడ్తడే కాకా?” అన్నాడు ఎదురుగా ఉన్న డిగ్రీ పిల్లగాడు, ఫోన్ మీంచి తలెత్తకుండానే.

హోటల్లో ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ ఒక్క మాటతో వ్యవసాయ శాఖ ఓడిపోయింది.

నాకు మాత్రం లెక్క ఆగలేదు. పత్తి మద్దతు ధర ఆ సీజన్‌లో క్వింటాకు 8,110 రూపాయలు. జీఎస్టీ వదిలేసినా ఒక ఫొటో అంటే దాదాపు 123 క్వింటాళ్ల పత్తి. ఎకరానికి ఏడు క్వింటాళ్లకు మించి కొనబోమని నవంబర్‌లో పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ గిరి గీసింది కాబట్టి, ఆ ఫొటోకు పదిహేడున్నర ఎకరాల పంట కావాలి. ఆ పత్తి అమ్ముకోవాలన్నా ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. స్లాట్ దొరికి మిల్లు దాకా పోతే తేమ పన్నెండు శాతం దాటిందని బండిని తిప్పి పంపొచ్చు. అంటే యాప్ ముందు పడిగాపులు కాయడంలో మా రైతుకు ఉన్న అనుభవం నగరంలోని ఏ ఫుట్‌బాల్ అభిమానికీ లేదు. తేడా ఒక్కటే. స్లాట్ దొరకలేదని రైతు అంటే అది సమస్య. టికెట్ దొరకలేదని అభిమాని అంటే అది హోదా.

హోదా అని ఊరికే అనలేదు. ఈ వాదనల్లో పాల్గొనే అభిమానులు మూడు తరగతులు. మొదటి తరగతి పాస్ అభిమాని. ఈయన జన్మలో టికెట్ కొనడు. కొంటే పరువు తక్కువ. “మనోడున్నడు” అంటాడు. ఆ మనోడు ఎవడో ఎవరికీ తెలియదు, ఒక్కోసారి ఆయనకూ తెలియదు. రెండో తరగతి యాప్ అభిమాని. అమ్మకం తెరిచే వేళకు నాలుగు ఫోన్లు, ఇద్దరు చెల్లెళ్లు, ఒక బావమరిదితో యుద్ధానికి కూర్చుంటాడు. టికెట్ దొరికితే స్క్రీన్‌షాట్ పెడతాడు. దొరకకపోతే దాని స్క్రీన్‌షాట్ కూడా పెడతాడు. మూడో తరగతి నీతి అభిమాని. ఈయన టికెట్ కోసం ప్రయత్నించడు. ప్రయత్నించిన వాళ్లందరికీ ఆట అంటే ఏమిటో తెలియదని నిరూపించడమే ఈయన ఆట. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పమంటే మాత్రం కరెంటు పోతుంది.

మూడు తరగతులూ కలిసి చేసే వాదనలో ఒక్క ప్రశ్న ఎప్పుడూ రాదు: ఇంతకీ ఆట ఏది? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మ్యాచ్ లేదు, లీగ్ లేదు, టికెట్ మాత్రం హౌస్‌ఫుల్.

పోనీ, మనకు నిజంగానే ఆట లేదా అంటే, ఉండేది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకుపోయిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడి పంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ వదల్లేదు. జకార్తా జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు. అంత ఆడినాయన చివరికి బెంగాల్‌లోనే స్థిరపడి 2023లో అక్కడే కన్నుమూశాడు. రహీం కథ మనకు మళ్లీ ఎప్పుడు గుర్తొచ్చింది? 2024లో అజయ్ దేవగణ్ ఆయన వేషం కట్టి ‘మైదాన్’ సినిమాలో కనిపించినప్పుడు. దానికి టికెట్ ఉంది కదా మరి.

అది పాత సంగతి అనుకుంటే కొత్తది చెబుతాను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, పెనాల్టీల్లో 3-1. గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. దేశం మొత్తానికి చాంపియన్. పేరులోనే హైదరాబాద్. గచ్చిబౌలిలో సొంత మైదానం. ఆ జట్టు మ్యాచ్‌లకు టికెట్ దొరకలేదని చొక్కాలు చింపుకున్నవాడు ఒక్కడూ నాకు ఎదురుపడలేదు. ఎందుకంటే దొరికేది. దొరికేదాన్ని చూడటానికి ఎవడు పోతాడు? తర్వాత ఆటగాళ్లకు జీతాలు అందలేదు, జట్టు పట్టికలో అట్టడుగుకు జారింది, చేతులు మారింది, 2025 అక్టోబర్‌లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. డెక్కన్ లీజియన్ అని ఆ జట్టుకు కొద్దిమంది వీరాభిమానులుండేవారు. వాళ్లు తప్ప బాధపడ్డవాళ్లు నాకు కనిపించలేదు. రెండు నెలలు తిరిగేసరికి మెస్సీ వచ్చాడు, హైదరాబాద్ ఫుట్‌బాల్ నగరమని ప్రకటించుకున్నాం.

ఇంకో జట్టు సంగతి దీని పక్కన పెట్టి చూడండి. 2025 మార్చి చివర్లో సన్‌రైజర్స్ క్రికెట్ జట్టు హైదరాబాద్ క్రికెట్ సంఘం మీద లేఖ రాసింది. సీట్లలో పది శాతం, అంటే 3,900 ఉచిత పాసులు ఇస్తున్నా చాలడం లేదట. ఒక కార్పొరేట్ బాక్సు సామర్థ్యం తగ్గిందంటూ ఇంకో ఇరవై టికెట్లు అడిగారట, ఇవ్వకపోతే మ్యాచ్‌కు ముందు ఇంకో బాక్సుకు తాళం వేశారట. ఇట్లా అయితే ఊరు వదిలి పోతామని జట్టు బెదిరించింది. రోజుల్లోనే ముఖ్యమంత్రి విజిలెన్స్ విచారణకు ఆదేశించారు. జులైలో సంఘం అధ్యక్షుడిని సీఐడీ అరెస్టు చేసింది. చూశారా పాసు మహిమ? ఇరవై టికెట్ల గొడవతో పోతానన్న జట్టును ఆపడానికి ప్రభుత్వం కదిలింది. ఏ గొడవా చేయకుండా నిజంగానే పోయిన జట్టుకు వీడ్కోలు బస్సు కూడా దొరకలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ చేసిన తప్పు ఒక్కటే. ఎవరికో ఒకరికి పాసు ఎగ్గొట్టి, ఒక గదికి తాళం వేయించుకుని ఉంటే ఈ పాటికి ఇక్కడే ఉండేది.

తొక్కిసలాట కూడా బాగా పనిచేస్తుంది. 2022 సెప్టెంబర్ 22న సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో భారత్–ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. పోలీసులు లాఠీలకు పని చెప్పారు, పలువురు గాయపడ్డారు. ఆ రోజు సాయంత్రానికి మ్యాచ్‌కు విలువ పెరిగిందే గానీ తగ్గలేదు. మరి 2024 నవంబర్ 18న గచ్చిబౌలిలో భారత్ మలేసియాతో 1-1గా ఆడినప్పుడు ఎవరి చెయ్యీ విరగలేదు. అదే ఏడు డిసెంబర్ 31 రాత్రి అదే మైదానంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్. బెంగాల్, కేరళ. అదనపు నిమిషాల్లో రోబి హాన్స్‌దా కొట్టిన గోలుతో బెంగాల్ 1-0తో గెలిచింది, అది వాళ్లకు 33వ ట్రోఫీ. అట్లాంటి గోలు చూడటానికి మనుషులు సముద్రాలు దాటి పోతారు. మన నగరం ఆ వేళ కేకు కోస్తోంది. కేకుకు మాత్రం ఎంట్రీ పాస్ ఉంది.

మెస్సీ రాకతో ఆట ఎదుగుతుందన్నది నిర్వాహకుల మాట. పిల్లలకు స్ఫూర్తి కలుగుతుందట. కలగనీ. కానీ స్ఫూర్తి కలిగిన పిల్లగాడు మర్నాడు పొద్దున ఎక్కడికి పోవాలి? మా దిక్కు బడుల్లో బంతి ఉంటే గాలి ఉండదు, గాలి ఉంటే పంపు సూది ఉండదు, రెండూ ఉంటే పీఈటీ సారు ఏదో డ్యూటీ మీద పోయి ఉంటాడు. గ్రౌండ్ ఖాళీగా ఉంటే క్రికెట్ వికెట్లు పాతేసి ఉంటాయి. ఫలక్‌నుమాలో దిగిన ఒక్క ఫొటో పైసలతో, ఒక్కోటి వెయ్యి రూపాయల చొప్పున, దాదాపు వెయ్యి బంతులొస్తాయి. అయితే బంతి ఫ్రేమ్ కట్టించుకుని హాల్లో పెట్టుకునే వస్తువు కాదు, అదీ చిక్కు.

మేమన్నా నయం. ఉప్పల్‌లో అంతా సవ్యంగా ముగిసింది. అదే రోజు పొద్దున కోల్‌కతాలో చూడాలి. సాల్ట్‌లేక్‌లో వేలకు వేలు పోసి టికెట్ కొన్న జనానికి మెస్సీ బదులు మెస్సీ చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులు కనిపించాయి. ఇరవై నిమిషాల్లో ఆయన వెళ్లిపోయాడు. తర్వాత సీసాలు ఎగిరాయి, కుర్చీలు విరిగాయి, నిర్వాహకుడు అరెస్టయ్యాడు, మమతా బెనర్జీ క్షమాపణ చెప్పారు, క్రీడా మంత్రి పదవి వదులుకున్నారు. వందేళ్ల మోహన్ బగాన్–ఈస్ట్ బెంగాల్ పోరు చూసిన నగరం కూడా వీపుకు టికెట్ కొంటుందంటే, మనల్ని అని ఏం లాభం?

అమెరికా వాళ్లనీ అనలేం. 2026 ప్రపంచకప్ ఫైనల్‌కు అభిమాన సంఘాల వాటా టికెట్ల ధరలు డిసెంబర్ 2025లో బయటికొచ్చాయి. అన్నింటికన్నా చవకది 4,185 డాలర్లు, ఖరీదైనది 8,680 డాలర్లు. యూరప్ అభిమానులు మండిపడితే ఫిఫా దిగొచ్చి కొద్దిపాటి టికెట్లు 60 డాలర్లకు పెట్టింది. కొన్న టికెట్‌ను ఫిఫా సైటులోనే తిరిగి అమ్మితే అమ్మేవాడి దగ్గర పదిహేను శాతం, కొనేవాడి దగ్గర పదిహేను శాతం వసూలు. బ్లాకులో అమ్మేవాణ్ని మనం పోలీసులకు పట్టిస్తాం, వాళ్లు ఆఫీసు ఇచ్చి కూర్చోబెట్టారు. ఇక్కడ ఒక్క సంగతి గర్వంగా చెప్పుకోవాలి. ఆ 8,680 డాలర్లు అప్పటి మన లెక్కలో ఎనిమిది లక్షల లోపే. అంటే ఆ వాటాలో ప్రపంచకప్ ఫైనల్ చూసే టికెట్ కన్నా హైదరాబాద్‌లో ఫొటో దిగే టికెట్ ఖరీదు ఎక్కువ. రహీం సారు కన్న కలకు ఇంతకన్నా పెద్ద నెరవేర్పు ఏముంటుంది?

నేను విమర్శించి వదిలేసే మనిషిని కాను. ఆటను బతికించే ఉపాయం ఒకటి చెబుతాను. నగరంలో ఆడే లోకల్ లీగ్ మ్యాచ్‌లకు గేట్లు తీసి జనాన్ని రమ్మనడం వెంటనే మానేయాలి. మ్యాచ్‌కు నెల ముందే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాలి. యాప్‌లో అమ్మకం తెరిచిన నిమిషానికి మూసేయాలి. ఒక ఎమ్మెల్యే బామ్మర్దికి పాసు లేదని చెప్పి, ఆ మాట పేపర్లో వచ్చేట్టు చూడాలి. గోలీతో ఫొటోకు లక్ష, బంతితో ఒంటరిగా ఫొటోకు రెండు లక్షలు, జీఎస్టీ అదనం. రెండో ఆదివారానికి బ్లాకులో అమ్మేవాళ్లు వస్తారు. మూడో ఆదివారానికి విచారణ కమిటీ వస్తుంది. నాలుగో ఆదివారానికి ఢిల్లీ పోయిన జట్టు కూడా తిరుగు బండి ఎక్కుతుంది.

ఈ ఉపాయం ముందు మా ఊళ్లోనే పరీక్షిస్తున్నాను. పొద్దున లేస్తే నెత్తి మీదనే కనిపించే దేవరకొండ ఖిల్లాను ఏళ్ల తరబడి ఎక్కని మనుషులం, మమ్మల్ని గ్రౌండ్ దాకా రప్పించాలంటే మామూలు మందు చాలదు. కాబట్టి వచ్చే ఆదివారం మా గ్రౌండ్‌లో తండా పిల్లలు, ఊరి పిల్లలు ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్‌కు టికెట్లు అయిపోయాయి. ఇది చదివి ఫోన్ చేయబోయేవారికి ముందే మనవి: ఎవరి తాలూకో చెప్పకుండా పాసు గురించి అడగొద్దు.