ఫార్మాట్ ప్రసాదం

చిట్యాలలో కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ లేస్తోందంటే చాలు, రోగం తెలియకముందే మందు చీటీ తయారు: “ఓఎస్ ఖరాబైంది సార్, ఫార్మాట్ కొట్టాలె.” డబ్బా మూత విప్పి చూసే మెకానిక్ ఎక్కడైనా కనబడితే దండేసి ఊరేగించాలి.

విప్పితే ఏముంటుంది? 65వ నంబరు హైవే దుమ్ము, సీజన్‌లో పత్తి నూగు, రెండూ కలిసి ఫ్యాన్‌కు కప్పిన దుప్పటి. పైన నల్లగొండ ఎండ. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దరిదాపులకు చేరితే మిషన్ తన ప్రాణం కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఫార్మాట్‌తో పిల్ల పెళ్లి ఫొటోలు పోతాయి గానీ దుమ్ము పోదు.

డబ్బాలోని భాగాలకు కరెంటందించే ఎస్‌ఎంపీఎస్ సంగతి ఇంకో కథ. 12 వోల్టులివ్వాల్సిన చోట 5 శాతానికి మించి తేడా రాకూడదు. వోల్టేజీ కుంగితే “కరెంటు సరిగ్గా ఉంది” అని బోర్డుకు అందే సంకేతం తెగుతుంది, వెంటనే రీసెట్. బోరు మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే వోల్టేజీ ఏమవుతుందో ఏ రైతునడిగినా చెప్తడు. చెప్పలేనిది కంప్యూటర్ డాక్టరొక్కడే!

రైతు మాట వచ్చింది కాబట్టి: 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇస్తూ, బోర్లకున్న ఆటో స్టార్టర్లు తీసేయండని తెలంగాణ ప్రభుత్వమే మొత్తుకుంది. విండోస్‌లోనూ ఒక ఆటో స్టార్టరుంది. సిస్టమ్ కుప్పకూలగానే నీలి తెర చదివే టైమివ్వకుండా రీస్టార్ట్ చేసేది అదే. ‘ఆటోమేటిక్‌గా రీస్టార్ట్’ అన్న టిక్కు తీసేస్తే తెర నిలబడుతుంది, తప్పు కోడు కనబడుతుంది. కానీ కోడు చదవాలంటే చదవాలి కదా!

ఫార్మాట్ అన్నిటికీ మందు కాదని పాత కథలూ చెప్తాయి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వైరస్ ఎక్స్‌పీ కంప్యూటర్లను 60 సెకన్ల గడువిచ్చి మరీ రీస్టార్ట్ చేసింది. ప్యాచ్ వేయకుండా ఫార్మాట్ కొట్టినవాళ్లు నెట్ కలపగానే మళ్లీ అంటించుకున్నారు. 2024 జులై 19న సెక్యూరిటీ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ దెబ్బకు దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోతే, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మందేమిటి? సేఫ్ మోడ్‌లోకి పోయి ఒక్క ఫైలు తీసేయడం. మన డాక్టర్‌ను పిలిచి ఉంటే 85 లక్షల ఫార్మాట్ల బిల్లయ్యేది.

కాబట్టి అయ్యా, అమ్మా, ముందు మూత విప్పించండి, దుమ్ము దులిపించండి, ర్యామ్ తీసి మళ్లీ పెట్టించండి, ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడమనండి. స్క్రూడ్రైవర్ తేకుండా సీడీ మాత్రమే తెచ్చినవాడికి చాయ్ తాగించి పంపండి. పైసలు మాత్రం ఇవ్వకండి.