‘వీలునుబట్టి ప్రచురింపబడును’: టీకా తాత్పర్యసహితము

మూలము

రచన అందినది. పరిశీలనలో ఉన్నది. ఎంపికైనచో వీలునుబట్టి ప్రచురింపబడును. ఉత్తరప్రత్యుత్తరములకు తావు లేదు.

అవతారిక

పాఠకుల రచనలు వేసుకునే పత్రికల్లో ఈ నాలుగు వాక్యాలో, వీటి అన్నదమ్ములో ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. కర్త పేరు తెలియదు. ‘బడును’ ప్రయోగాన్ని బట్టి, వ్యావహారికం పత్రికల్లోకి రాకముందే పుట్టి, వచ్చాక కూడా పోని గ్రంథమని ఊహించవచ్చు. రసం పంపినవారి పక్షాన కరుణం, పుచ్చుకున్నవారి పక్షాన శాంతం. నాయకుడు చోడవరం పోస్టాఫీసు డబ్బాలో కవరు పడేసి వచ్చిన రచయిత. సంపాదకుణ్ణి ప్రతినాయకుడనడం తొందరపాటు. ఆయన బల్ల మీది కట్టలు చూసినవారెవరూ ఆ మాట అనరు.

వ్యాఖ్యానానికి ముందు దైవప్రార్థన ఆచారం. చోడవరంలో వెలసినవాడు స్వయంభూ విఘ్నేశ్వరుడు. ఎవరి పరిశీలనా ఎంపికా లేకుండా తనంతట తానే జనం కంటపడ్డవాడు గనుక ఎదురుచూపుల శాస్త్రానికి ఆయన అధిదేవత కాజాలడు. అయినా విఘ్నాలు తొలగించే పని ఆయనదే కాబట్టి నమస్కారం. మూలంలో లేనిది రాయనని కొలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆ ప్రతిజ్ఞ ఇక్కడ చెల్లదు. ఈ మూలంలో ముఖ్యమైనది లేనిదే: తేదీ.

ప్రతిపదార్థము

రచన = కథ గాని, కవిత గాని, సంపాదకునికి లేఖ గాని; అందినది = కార్యాలయపు ఇన్‌వర్డు పుస్తకములోనికి ఎక్కినది; పరిశీలనలో = కట్టలో; ఉన్నది = కదలక ఉన్నది; ఎంపికైనచో = ఎంపికైన పక్షమున (కాని పక్షమున ఏమగునో మూలకారుడు చెప్పలేదు, తిరుగు స్టాంపులు అంటించిన కవరు చెప్పును); వీలునుబట్టి = వీలునుబట్టియే; ప్రచురింపబడును = ఎవరిచేత, ఎప్పుడు అను ప్రశ్నలకు చిక్కని కర్మణి ప్రయోగము; ఉత్తరప్రత్యుత్తరములకు = ‘మా కథ ఏమైందండీ’ అను కార్డుముక్కలకు; తావు లేదు = చోటు లేదు.

తాత్పర్యము

మీరు పంపినది మా దగ్గరే ఉంది. మీరు తొందరపడవద్దు. మేము ఎలాగూ పడము.

టీక

‘అందినది’ అన్నప్పుడు ఎప్పుడు అన్న ప్రశ్న వస్తుంది. ఒక్క రచనకు నాలుగు తేదీలుంటాయి: తపాలా ముద్ర పడ్డ రోజు, ఇన్‌వర్డులో ఎక్కిన రోజు, ఎంపికైన రోజు, అచ్చులో కనిపించిన రోజు. 1872 నాటి కాంట్రాక్టుల చట్టం ప్రకారం అంగీకార పత్రం టపాలో పడి, పంపినవాడి చేయి దాటగానే ప్రతిపాదించినవాడు కట్టుబడిపోతాడు. సాహిత్యంలో డబ్బాకు అంత మహిమ లేదు. పాఠకుడికి కనిపించేది నాలుగో తేదీ ఒక్కటే. అదైనా నిక్కమేనా అంటే, కాదు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలయ్యేదాకా ఈ ప్రాంతానికి పెద్ద దినపత్రికలు విజయవాడలో అచ్చయి రావలసిందే. పొద్దుటి తేదీ వేసుకున్న పేపరు చోడవరం లాంటి ఊళ్లకు చేరేసరికి ఎండెక్కేది. అచ్చు తేదీ వేరు, కంటపడ్డ వేళ వేరు అని ఆ తరం పాఠకులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

‘పరిశీలనలో ఉన్నది’ అన్న వాక్యాన్ని తప్పుపట్టడం ఈ టీక ఉద్దేశం కాదు. పరిశీలన ఉండవలసిందే. ఒకరి కథను ఇంకొకరు పేరు మార్చి పంపుతారు. పక్కింటివాడి మీద కోపాన్ని సంపాదకునికి లేఖగా మలుస్తారు. చూడకుండా వేస్తే పత్రిక కోర్టు మెట్లెక్కుతుంది. చిక్కల్లా ఆ చూసే కాలం ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందన్నదే. చోడవరం చుట్టుపక్కల చెరకు రైతుకు ఈ న్యాయం ఎరుకే. గోవాడ సహకార చక్కెర కర్మాగారంలో క్రషింగ్ జరిగే రోజుల్లో నరికిన చెరకు బండి మీద ఎంతసేపు నిలబడితే అంత బరువు తగ్గుతుంది. డబ్బు మాత్రం కాటా మీద తూగిన దానికే. సందర్భం చూసి రాసిన రచనా అంతే. సంక్రాంతికి విశాఖపట్నం నుంచి చోడవరం వచ్చే బస్సుల్లో నిలబడే చోటు కూడా లేదని, అదనపు బస్సులు నడపాలని జనవరి 8న రాసిన ఉత్తరం, తేదీ లేకుండా ఫిబ్రవరి మూడో వారంలో పడిందనుకుందాం. చదివినవారు రాసినవాణ్ణి చూసి నవ్వుతారు. కట్టను చూసి కాదు. ఇంకాస్త లాగితే, ‘చోడవరం, విశాఖపట్నం జిల్లా’ అని చిరునామా రాసి పంపిన రచన 2022 ఏప్రిల్ 4 దాటాక వెలుగు చూస్తే, ఊరు అనకాపల్లి జిల్లాలోకి మారిన సంగతి కూడా తెలియని రచయిత అన్న పేరు అదనంగా దక్కుతుంది.

ఇక్కడ హామీపత్రం ప్రస్తావన అవసరం. ‘ఈ రచన నా స్వంతం, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని రచయిత సంతకం చేస్తాడు. మొదటి మూడు షరతులకు పేచీ లేదు. నాలుగోది మాత్రం రచయిత చేతులు కట్టేస్తుంది, అవతలి చేతులు వదిలేస్తుంది. ఇన్ని రోజుల్లో చెబుతామన్న గడువు లేనప్పుడు ఆ హామీ ఎన్నాళ్లు చెల్లుతుంది? కథ పడనూ లేదు, తిరిగి రానూ లేదు, ఇంకోచోటికి పంపడానికీ లేదు. త్రిశంకువుకైనా విశ్వామిత్రుడు ఒక స్వర్గం కట్టిపెట్టాడు.

‘వీలునుబట్టి’ అన్నదే ఈ గ్రంథానికి ప్రాణం. పూర్వపక్షి అంటాడు: అందిన తేదీల వరసలో పెట్టేస్తే సరి, అంతకన్నా న్యాయం ఏముంది? సరికాదు. ఒక శాఖా గ్రంథాలయంలో గోడపత్రిక ఉందనుకుందాం. కొత్తవి పైన, పాతవి కింద, నెల దాటినవి తీసేయాలి అని నియమం. ముగ్గురు పిల్లలు ఒకేరోజు కవితలు ఇచ్చారు. రెండు సులువుగా ఉన్నాయి, సాయంత్రానికే బోర్డెక్కాయి. మూడోదాంట్లో ఒక పద్యం సొంతమా కాదా అని పంతులుగారికి అనుమానం వచ్చి ఇరవై అయిదు రోజులు సొరుగులో పెట్టారు. చివరికి సొంతమేనని తేలింది. అప్పుడు తేదీ ప్రకారం దాన్ని ఎక్కడ గుచ్చాలి? అట్టడుగున, బెంచీ వెనక, ఫ్యాను గాలికి మూల లేచిపోయే కాగితాల సరసన. అయిదు రోజుల్లో నెల నిండుతుంది, డ్రాయింగు పిన్ను ఊడుతుంది. అనుమానం పంతులుగారిది, శిక్ష పిల్లవాడిది. తప్పులేదని తేలినవాడికే అన్నిటికన్నా తక్కువ రోజులు దక్కాయి.

అందుచేత సిద్ధాంతం ఇది: కవరు విప్పే వరస అందిన తేదీని బట్టి ఉండాలి, జనం ముందు నిలిచే రోజులు మాత్రం జనం ముందుకొచ్చిన రోజు నుంచే లెక్కపెట్టాలి. సొరుగులో గడిచిన కాలాన్ని రచన వయసులో కలపరాదు.

పూర్వపక్షి ఊరుకోడు. ఆలస్యంగా తేలినదాన్ని కొత్తదాని పక్కన పైన గుచ్చితే, ముందు రాసినవాడెవడో ఎలా తెలుస్తుంది? ప్రశ్న మంచిదే. తెలుగులో తొలి కథానిక ఏదన్న వాదంలో 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’నూ, 1902లో ‘హిందూసుందరి’లో వచ్చిన భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’నీ పోల్చేది అచ్చు తేదీలతోనే, రాసిన తేదీలతో కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకూ ఈ లెక్క తగిలింది. 1929లో ఏటీపీ అణువును జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్కె-సుబ్బారావుల జంట విడివిడిగా కనుగొన్నారు. లోమన్ వ్యాసం ఆగస్టులో, వీరిది అక్టోబరులో వెలువడ్డాయి. ముందు వినిపించే పేరు లోమన్‌దే. కాబట్టి అందిన తేదీ దాచిపెట్టవలసిన వస్తువు కాదు. లండన్‌లో 1665లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలుపెట్టిన హెన్రీ ఓల్డెన్‌బర్గ్ పరిశోధకుల ఉత్తరాలు చేరిన తేదీలు నమోదు చేసేవాడు. నేటి శాస్త్ర పత్రికలు ‘అందినది’, ‘అంగీకరించినది’ అని రెండు తేదీలూ వ్యాసంతో పాటే అచ్చువేస్తున్నాయి. మనవాళ్లలో శ్రీశ్రీ ఆ పని తనే చేసుకున్నాడు. ‘మహాప్రస్థానం’ పుస్తకం 1950లో వచ్చినా, ఆ పేరు గల కవిత 1934 నాటిదని కింద తేదీ చెబుతుంది. అందరు రచయితలకూ పుస్తకం వేసుకునే యోగం ఉండదు గనుక ఆ భారం పత్రికే మోయాలి.

‘ఉత్తరప్రత్యుత్తరములకు తావు లేదు’ అన్నదానికి పెద్ద వ్యాఖ్య అనవసరం. తేదీలు చెప్పిన పత్రికకు ఈ వాక్యం చెల్లుతుంది, చెప్పనిదానికి చెల్లదు. ఈ కాలంలో రచన వాట్సాప్‌లో వెళ్తుంది, రెండు నీలం గీతలు పడతాయి. చూశారని తెలుస్తుంది, తేల్చారో లేదో తెలియదు.

పాఠాంతరము

ఈ వ్యాఖ్యాత మూలాన్ని ఇలా దిద్దుతున్నాడు: ‘రచన ఫలానా తేదీన అందినది. ఫలానా తేదీలోగా నిర్ణయం చెప్పబడును. చెప్పనిచో హామీపత్రము రద్దు. ప్రచురించిన రచన కింద అందిన తేదీ వేయబడును. ఆలస్యము మాదైనచో ఆ మాటయు వేయబడును.’ అచ్చులో దీనికి పట్టేది మహా అయితే రెండు వరుసలు.