నిద్ర సమీకరణ పథకం

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం మీరు చదివే ఉంటారు. ఫ్యాక్టరీల్లో రోజుకు తొమ్మిది గంటల పని పరిమితి ఇక పది గంటలు. ఐదు గంటలు దాటకుండా ఇవ్వాల్సిన విరామం ఇక ఆరు గంటలకు. మూడు నెలలకు 75 గంటలు మించకూడని ఓవర్‌టైం ఇక 144 గంటలదాకా పోవచ్చు. ఆడవాళ్లకు రాత్రి షిఫ్టులు తెరుస్తారు. దీనితో పెట్టుబడులు వస్తాయని, ఎక్కువ పనిచేస్తే ఆదాయం పెరుగుతుందని, మహిళలకు సాధికారత అని సమాచార శాఖ మంత్రి పార్థసారథి గారు వివరించారు. ఎర్రజెండాల వాళ్లు యథాప్రకారం మండిపడ్డారు. నా ఫిర్యాదు వేరు. ఇంత ఘనకార్యాన్ని సెక్షన్ 54, సెక్షన్ 55, సెక్షన్ 59 అంటూ గుమాస్తా భాషలో దాచిపెట్టడం ఏమిటి? దీనికి దర్జాగా ఒక పేరు పెట్టి, శిలాఫలకం వేసి, జిల్లాకో గ్రామసభ పెట్టాలి కదా. పేరు కోసం తడుముకోనక్కర్లేదు కూడా. జనం చేతిలో ఉన్నదాన్ని జనం చేతనే ఇప్పించుకోవడంలో దేశానికే పాఠం చెప్పిన రాష్ట్రం మనది. భూసమీకరణ అయింది, ఇది నిద్ర సమీకరణ.

ఆలోచించి చూడండి, ఎంత పెద్ద ఆస్తి పడావు పడి ఉందో. అమరావతి కోసం రైతులు ఇచ్చింది 33 వేల ఎకరాల పైచిలుకు. రెండో విడత అంటే ఊళ్లకు ఊళ్లు మళ్లీ లెక్కలు వేసుకుంటున్నాయి. రాత్రికి ఆ తలనొప్పి లేదు. పది నుంచి ఆరు వరకు, శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, ఎనిమిది గంటల నిడివి గల చక్కటి నేల. గట్లు లేవు, బోర్లు లేవు, కోర్టులో స్టే తెచ్చే వారసులు లేరు. దాని మీద కోట్ల మంది ఏ పన్నూ కట్టకుండా, ఏ అనుమతీ లేకుండా కాళ్లు చాపుకుని పడుకుంటున్నారు. పెట్టుబడిదారు వచ్చి ఏ ముఖం పెట్టుకుని చూస్తాడు దీన్ని? కాబట్టి ముందు సర్వే. ఒక్కో కార్మికుడి నిద్రకు ఒక సర్వే నంబరు, ఒక పాస్‌బుక్. పాస్‌బుక్ మీద ఎవరి ఫోటో వేయాలన్నది మాత్రం తర్వాత తేల్చుకోవచ్చు, రైతుల పాస్‌బుక్‌ల మీద ముఖ్యమంత్రి ఫోటో వేసిన అనుభవం మనకు అంత బాగోలేదు.

సమీకరణలో భూమిని జరీబు, మెట్ట అని విడదీశారు గదా, నిద్రనూ అలాగే విడదీయాలి. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగు వరకు పడేది జరీబు నిద్ర. ఒంట్లో వేడి తగ్గి, మెదడు తన రిపేర్లు తాను చేసుకునే వేళ అది. ఒంట్లోని ఆ గడియారం కణాల్లోని జన్యువుల స్థాయిలో ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. ఇక మెట్ట నిద్ర. సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, దిగి పొద్దున ఇల్లు చేరినవాడు పోయేది. విశాఖ గాజువాకలో పైఅంతస్తు సింగిల్ రూము, కిటికీకి పాత చీర, చీర మీద న్యూస్‌పేపరు. కన్ను మూతపడే సమయానికి కింది పోర్షన్‌లో కుక్కరు మూడో కూత. పది గంటలకు మైకు పెట్టుకున్న ఉల్లిపాయల ఆటో, దాని వెనకే పాత ఇనుము కొంటామనే మైకు. పదకొండుకు గ్యాస్ సిలిండరు. పదకొండున్నరకు బ్యాంకు నుంచి ఫోను, వ్యక్తిగత రుణం కావాలా సార్ అని. పన్నెండుకు స్లాబు కాలి, కరెంటు పోయి, అతను లేచి కూర్చుంటాడు. నాలుగు గంటలు పడుకున్నాడని లెక్క, పడిన నిద్ర రెండు గంటలు. వర్షాధారం భూమి, ఎంత పండితే అంత. సాయంత్రం పెళ్లి రిసెప్షన్‌కి రాలేదని బంధువుల అలక అదనం. రాత్రి డ్యూటీకి బండి మీద పోతుంటే వీధి కుక్కలకు వాడొక్కడే గిట్టడు, బీటు పోలీసుకు వాడి మీదే అనుమానం. పథకం ప్రకటించి ఆ బండికి ఒక స్టిక్కరు అంటిస్తే ఈ చిన్నాచితకా సాహసాలకైనా గౌరవం దక్కుతుంది.

ఇప్పుడు పరిహారం దగ్గరకొద్దాం. అమరావతి భూసమీకరణలో మెట్ట ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, అదీ ఏటా పెంచుతూ పదేళ్లు. పైగా వెయ్యి గజాల ఇంటి ప్లాటు, వాణిజ్య ప్లాటు. భూమి లేని కూలీలకు మొదట్లో నెలకు 2,500 పెన్షన్. ఇచ్చారా, ఎప్పుడిచ్చారు, ప్లాటును ముళ్లకంపల్లో ఎన్నేళ్లు వెతుక్కున్నారు అన్నది పక్కన పెట్టండి, కాగితం మీదయినా ఒక రేటు ఉంది. రాత్రికి మన చట్టంలో రేటే లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మొత్తం తిరగేసినా పగటి గంట కన్నా రాత్రి గంటకు ఒక్క పైసా ఎక్కువ ఇవ్వాలన్న మాట కనబడదు. కొన్ని కంపెనీలు నైట్ అలవెన్సు ఇస్తాయి, యూనియన్ గట్టిగా ఉన్నచోట. జపాన్‌లో రాత్రి పది నుంచి ఐదు దాకా పనికి కనీసం 25 శాతం అదనంగా ఇవ్వాలని చట్టమే చెబుతుంది. ప్రపంచ స్థాయి నిబంధనలు తెస్తున్నామన్న మన ప్రభువులు జపాన్ వెళ్లి వచ్చిన ప్రతిసారీ బుల్లెట్ రైలునే తెచ్చుకున్నారు, ఈ 25 శాతం ఏ సూట్‌కేసులోనూ పట్టలేదు. సరే, పని పెరిగితే ఆదాయం పెరుగుతుందన్నారు గదా. నిన్నటిదాకా తొమ్మిది దాటిన గంట ఓవర్‌టైం, దానికి రెట్టింపు కూలి. పరిమితే పది అయ్యాక, వారం 48 గంటలు దాటనంత వరకు ఆ పదో గంటకు రెట్టింపు ఎవడిస్తాడు? 144 అన్న అంకె చూడండి, ఇంకా ముచ్చటగా ఉంటుంది. రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులు, అంటే 60. అందులో 48 పోగా మిగిలేది 12. పన్నెండు వారాలకు సరిగ్గా 144. మినహాయింపు అనుకున్నది పనిదినంగా స్థిరపడటానికి ఎంత స్థలం కావాలో అంతే కొలిచి ఇచ్చారు. ఇరవై నాలుగును పదితో భాగిస్తే నాలుగు గంటలు శేషం మిగులుతుందే అని లెక్కల మాస్టార్లు అడగొచ్చు. అది రోడ్లకు, పార్కులకు వదిలిన స్థలం.

బలవంతం ఏమీ లేదు, ఇష్టమున్నవాళ్లే చేస్తారు, ఆడవాళ్లకైతే సమ్మతి ఉండాలి అన్నది పెద్ద సమర్థన. సమీకరణలోనూ బలవంతం లేదు. అభ్యంతరం ఉంటే 9.2 ఫారం, అంగీకారమైతే 9.3 ఫారం. నిద్ర సమీకరణలో ఒకే ఫారం చాలు, ఎందుకంటే దాన్ని చేరే రోజే అపాయింట్‌మెంట్ ఆర్డరుతో కలిపి పిన్ను కొట్టి ఇస్తారు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తు కూడా ఉంటుంది. కాంట్రాక్టరు కింద రోజువారీ మీద పనిచేసే మనిషి నాకు రాత్రులు కుదరదండీ అంటే, కుదిరేవాడు గేటు బయట నిలబడి ఉంటాడు. కాదనగలిగే చోట అవునంటే అది సమ్మతి. కాదంటే పొయ్యి ఆరిపోయే చోట తీసుకున్న సంతకం హాజరు పట్టీతో సమానం. ఈ తేడా తెలియనంత అమాయకులు సచివాలయంలో లేరు.

మహిళల మాట కొంచెం నెమ్మదిగా మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ అవతలి వాదనలో నిజం ఉంది. ఆడదానికి రాత్రి ఉద్యోగం వద్దనడం రక్షణ పేరుతో దారి మూయడమే. సెక్షన్ 66లోని ఆ నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇరవయ్యేళ్ల కిందటే చెప్పాయి. కాబట్టి కోర్టు ఎప్పుడో ఇచ్చిన హక్కును ఇప్పుడు కొత్త కానుకగా చుట్టి ఇస్తున్నారన్నమాట, పోనీ ఇవ్వనివ్వండి. నా ఇబ్బంది హక్కుతో కాదు, టీడీఆర్ బాండుతో. అభివృద్ధి హక్కును ఒకచోట వదులుకుని ఇంకోచోట వాడుకునే ఆ బాండు మున్సిపల్ శాఖ కనిపెట్టిందని మీరనుకుంటారు. కాదు. లక్ష్మణస్వామి అడవిలో పద్నాలుగేళ్లు ఏకబిగిన నైట్ డ్యూటీ చేస్తే, ఆయన నిద్రను అయోధ్యలో ఊర్మిళాదేవి తన పేరు మీద బదలాయించుకుంది. మన ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న కథ. సీ షిఫ్టుకు వెళ్లే ప్రతి మగవాడి వెనకా ఇంట్లో ఒక బాండు ఉంది. పొద్దున అతను పడుకుంటే పిల్లల్ని గప్‌చుప్‌గా బడికి పంపేది, అన్నం మూతపెట్టి ఉంచేది, తలుపు కొట్టినవాళ్లకు సమాధానం చెప్పేది ఆమె. ఇప్పుడు ఊర్మిళే యలమంచిలి దగ్గర బస్సెక్కి అచ్యుతాపురం సీ షిఫ్టుకు పోతోంది. పొద్దున ఏడింటికి దిగితే ఆమె కోసం అన్నం మూతపెట్టి ఉంచేవాడెవడు? దిగగానే పొయ్యి, తర్వాత క్యారేజీ, తర్వాత బట్టలు. బస్సు ఇవ్వండి, సీసీ కెమెరా పెట్టండి, గార్డును పెట్టండి, అన్నీ అవసరమే. ఆమె నిద్ర ఎవరి పేరు మీద రాస్తారో మాత్రం ఏ జీవోలోనూ ఉండదు.

రాత్రి పని లేకుండా లోకం నడుస్తుందా అని అడుగుతారు. నడవదు. కాన్పు నొప్పులు వేళ చూసుకుని రావు. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసును రాత్రి పదింటికి కట్టేసి పొద్దున అంటించడం కుదరదు. రైలు, పాలు, పోలీసు, పేపరు, అన్నిటికీ రాత్రి మేలుకునే మనుషులు కావాలి. అయితే మేలుకోక తప్పదు కాబట్టి ఎన్ని గంటలైనా మేలుకోవచ్చు అనడం ఏ తర్కం? విషం ముట్టక తప్పని పనికి చేతొడుగులు రెండు జతలిస్తాం, ఉన్న జత లాక్కోం. రాత్రి పని అలాంటిదేనని చెప్పింది నేను కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. డెన్మార్క్‌లో ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేసి రొమ్ము క్యాన్సర్ వచ్చిన దాదాపు 40 మంది మహిళలకు 2009 నాటికే పరిహారం ఇచ్చారు. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చేతి నేర్పు, రక్తంలో వంద మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే ప్రయోగం చేసి చూపారు. మన మోటారు వాహనాల చట్టం 30 దాటితేనే శిక్ష వేస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు లేచి రాత్రి పదింటికి పనిలోకి దిగినవాడికి ఆ పదిహేడో గంట తెల్లవారుజామున ఐదింటికి వస్తుంది. పది గంటల షిఫ్టులో అప్పటికి అతనికి ఇంకా మూడు గంటల పని మిగిలే ఉంటుంది, తర్వాత హైవే మీద బండి ప్రయాణం. ఇక విరామం. పదింటికి మొదలైన పనికి నిన్నటిదాకా మూడు గంటలకల్లా లేచి, మొహాన నీళ్లు కొట్టుకుని, క్యాంటీన్‌లో పేపరు కప్పు టీ పట్టుకుని నిలబడే హక్కుండేది. నిలబడే తాగుతారు, కూర్చుంటే తల వాలిపోతుంది కనుక. ఇప్పుడా టీని నాలుగు గంటలకు జరిపారు. మూడు నుంచి నాలుగు మధ్య ఒక మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ఒక్క డాక్టరును పిలిచి అడిగారా?

2020 మే 7న తెల్లవారుజామున దాదాపు మూడింటికి విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉన్నారు. సైరన్ మోగలేదు. పన్నెండు మంది చనిపోయారు, పరుగెత్తుతూ రోడ్ల మీద పడిపోయిన వాళ్లను దేశమంతా టీవీల్లో చూసింది. అది కార్మికుడి కునుకు వల్ల జరగలేదు. ట్యాంకు నిర్వహణ, ఉష్ణోగ్రత, స్టైరీన్‌ను అదుపులో ఉంచే రసాయనం చాలకపోవడం, యాజమాన్య నిర్లక్ష్యం అని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. పట్టపగలు కూడా ప్రమాదాలు జరుగుతాయని 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కంపెనీ పేలుడు చూపించింది. ఒప్పుకుంటాను. కానీ యజమాని తప్పులన్నీ జరిగిపోయాక, తెల్లవారుజామున మూడింటికి ఊరికీ చావుకీ మధ్య మిగిలేది ప్యానెల్ ముందు కూర్చున్న ఒక్క మనిషి. అతని కళ్లు తెరిచి ఉండటం ఒక్కటే ఆ ఊరికి ఆఖరి భద్రతా ఏర్పాటు. ఆ కళ్లను ఇంకో గంట అరగదీయడానికి నిర్ణయం తీసుకున్నారు, దానికి సులభతర వ్యాపారం అని పేరు పెట్టారు, ఆదాయం పెరుగుతుందని నవ్వుతూ చెప్పారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు ప్రకటించిన రాష్ట్రమిది. బతికుండగా అదే మనిషికి రాత్రి గంటకు పది రూపాయలు ఎక్కువ రాయడానికి మన దగ్గర చట్టం లేదు. సిగ్గుపడాల్సిన ఈ సంగతిని సంస్కరణ అంటే ఇక వ్యంగ్యం రాసే వాడికి ఏం మిగిలింది?

 రేపో మాపో మీ ఎమ్మెల్యే ఏదో ఒక ప్రారంభోత్సవానికి మీ వీధికి వస్తాడు. రాత్రి గంటకు అదనపు కూలి ఎంత రాస్తారు, మూడు గంటల టీని నాలుగుకు ఎందుకు జరిపారు అని ఈ రెండే అడగండి. జవాబు చెప్పేదాకా దారి వదలకండి.