ముక్కలైతే మాడ్యూలేనా?

ప్రతి పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకూ ఏదో ఒక ఏడు పూనకం వస్తుంది. కోడ్ అంతా ఒకే రిపోజిటరీలో ఉండటమే సకల రోగాలకూ మూలమని ఎవరో కనిపెడతారు. కోడ్‌లో చిక్కు విప్పడం ఏళ్ల పని, ఫోల్డర్లు విడదీయడం శని ఆదివారాల పని. ఓటు దేనికి పడుతుందో చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం వాళ్లకు విభజన కొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం విజయనగరానికి, పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయాయి. అక్కడ కనీసం ఏ ఊరికి ఏ కలెక్టరో గెజిట్‌లో రాశారు. కోడ్‌కు ఆ భాగ్యం కూడా లేదు.

భావనపాడు నుంచి టెక్కలి కాలేజీకి వెళ్లే గుంటడొకడు అలా ముక్కలైన ప్రాజెక్టులో తప్పు దిద్దబోయాడనుకుందాం. ఒక ఫంక్షన్‌కు ఒక పారామీటరు చేర్చాలి, అంతే. ఫంక్షన్ ఒక రిపోలో, దాన్ని పిలిచే కోడ్ రెండో దాంట్లో, టెస్టులు మూడో దాంట్లో. మొదటి పుల్ రిక్వెస్టు మెర్జ్ కానిదే రెండోది బిల్డ్ కాదు. రెండోది పనిచేస్తుందని చూపించనిదే మొదటిది మెర్జ్ చెయ్యరు. ‘నానిప్పుడేటి చెయ్యాల బావూ?’ అంటే వెర్షన్ నంబర్ల పట్టిక చేతిలో పెడతారు.

లిబ్రెఆఫీస్ 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి వేరుపడినప్పుడు రైటర్, కాల్క్ అంటూ ఇరవై దాకా గిట్ రిపోజిటరీలుగా ఉండేది. తర్వాత వాటిలో చాలావాటిని ‘కోర్’ అనే ఒక్కదాంట్లోకి చేర్చారు. 2015లో జావాస్క్రిప్ట్ కంపైలర్ బేబెల్ 6 ముక్కలు ముక్కల ప్యాకేజీలుగా వచ్చింది. ఇన్‌స్టాల్ చేస్తే, ప్లగిన్లు విడిగా తగిలించేదాకా అది ఏ పనీ చెయ్యదు! విచిత్రమేమిటంటే ఆ ప్యాకేజీలన్నిటినీ దాన్ని రాసేవాళ్లు మాత్రం ఒకే రిపోజిటరీలో ఉంచుకున్నారు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని కర్త రిజిస్ట్రీ నుంచి తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ బిల్డ్‌లు ప్రపంచమంతటా ఆగిపోయాయి. లైనక్స్ కెర్నల్ మాత్రం డ్రైవర్లతో సహా ఒకే చెట్టుగా హాయిగా నడుస్తోంది.

విభజన నెగ్గిన చోట్లూ ఉన్నాయి. గ్రాఫిక్స్ వ్యవస్థ ఎక్స్.ఆర్గ్ 2005 డిసెంబరు 21న ఒకే కోడ్‌ను 6.9 పేరుతో మొత్తంగా, 7.0 పేరుతో విడివిడి భాగాలుగా విడుదల చేసింది. ఆపైన ఒక వీడియో డ్రైవర్ బాగుచేస్తే మొత్తం వ్యవస్థ విడుదలయ్యేదాకా ఆగక్కర్లేకపోయింది. సర్వరు, లైబ్రరీలు, డ్రైవర్ల మధ్య హద్దులు అక్కడ ముందే ఉన్నాయి. కత్తి వాటి వెంటే నడిచింది.

కాబట్టి మెయింటెయినర్లకు ఒక మనవి. విభజన తీర్మానం పెట్టేముందు, గత ఏడాది మార్పుల్లో ఎన్ని రెండు మూడు రిపోలను ముట్టుకోవాల్సి వచ్చేవో లెక్క తీసి అందరి ముందూ పెట్టండి. సగం అలాంటివే అయితే కత్తి పక్కన పెట్టి, ముందు చిక్కు విప్పండి.