అందనివారిని అందకుండానే ఉంచుకునే విధానం

ఒకరి మీద మనసు పడి, ఆ మాట వాళ్ల చెవిన వేయకముందే వాళ్ల తరఫున తనకు తానే కాదని చెప్పుకోవడం ఒక విద్య. "ఆ పిల్ల మనకు అందేది కాదులేరా" అన్నది ఇందులో మూలమంత్రం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో దీన్ని పెద్ద శ్రమ లేకుండానే అలవరచుకోవచ్చు. కుర్రవాళ్లు స్వయంకృషితో నేర్చుకుంటారు. ఆడపిల్లలకు ఆ కష్టం కూడా ఉండదు, లెక్కలన్నీ ఇంట్లో పెద్దవాళ్లే వేసిపెడతారు.

మొదటి పని తూకం. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలన్న సామెతను ఇందుకు ప్రమాణంగా తీసుకోవాలి. కయ్యానికి దిగేవాడు అవతలివాడి బలమెంతో ముందుగా కనుక్కుంటాడన్న సంగతిని మాత్రం పట్టించుకోరాదు. కాగితం మీద ఒకవైపు తన పొలం, జీతం, ఎత్తు, రంగు, వచ్చినంత ఇంగ్లీషు రాసుకోవాలి. రెండోవైపు ఆ పిల్లకు ఉన్నాయని ఊళ్లో అనుకునేవన్నీ రాయాలి. ఆమెనే అడిగి రాస్తే తూకం చెడుతుంది. కులానికి గడి వేయనక్కర్లేదు. అందరూ ముందు చూసేది అదే కాబట్టి దాన్ని పైకి రాసేవాళ్లు ఉండరు. చాలా ఇళ్లలో మిగతా గడులన్నీ ఆ ఒక్కదాన్ని మర్యాదగా చెప్పడానికే పనికొస్తాయి.

మదనపల్లె వాళ్లకు ఈ తూకంలో ఒక చిక్కుంది. ఇక్కడి టమోటా మార్కెట్టు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరు. 2023 జులై చివర్లో ఇక్కడ మేలురకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. సేద్యగాడికి పిల్లనెవరిస్తారన్న నోళ్లే ఆ నెలలో తోటలున్న ఇళ్ల ఆరా తీశాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండు నెలలు తిరక్కముందే ధర కూలిపోయింది. అదే మనిషి, అవే మూడెకరాలు, అదే నవ్వు. జులైలో ఒక అంతస్తు, సెప్టెంబరులో మరొకటి. విద్య తెలిసినవాడు దీన్ని సులువుగా దాటతాడు. ధర పడిన రోజున ఏ మొహం పెట్టుకుని అడగాలి అనుకోవాలి. ధర పెరిగిన రోజున కోతలు, క్రేట్లు, లారీలు, మండీలో వేలంపాట, ఇక తీరికెక్కడిది? మార్కెట్టు ఎటు పోయినా నోరు తెరవకుండా ఉండడానికి కారణం దొరుకుతుంది. పెద్ద మార్కెట్టు లేని ఊళ్లకు ఈ సౌకర్యం లేదు.

ఇదే ఊళ్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, మనిషి తనను ఇంకొకరితో పోల్చుకోవడం మానాలని దేశదేశాలూ తిరిగి చెప్పారు. ఊరి పక్కన రిషివ్యాలీలోనూ చెప్పారు. ఊళ్లో పెళ్లిచూపులు యథాప్రకారం సాగుతున్నాయి.

ఎక్కువ చదువుకున్న పిల్ల ఎదుట మాట్లాడక తప్పని పరిస్థితి వస్తే, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బి.టి. కాలేజీకి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి, మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసుకున్న సంగతి వివరంగా చెప్పాలి. ఊరి గొప్ప చెప్పినంతసేపూ సొంత గోడు బయటికి రాదు. హార్స్‌లీ హిల్స్‌లో గాలిబండ ఇంకా మేలు. ఆ గాలి హోరులో ఏమన్నా వినపడదు కనుక, అక్కడ అన్నీ చెప్పేసినట్టు తర్వాత స్నేహితులకు చెప్పుకోవచ్చు.

పుంగనూరు వాళ్లకు ప్రమాదం ఆవు రూపంలో పొంచి ఉంది. పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. పాలు తక్కువే ఇస్తుంది, వెన్నశాతం మాత్రం మామూలు ఆవుపాలకు రెట్టింపు అంటారు. బిందెలకొద్దీ పాలిచ్చే సంకరజాతి ఆవులు వచ్చాక దీన్ని అడిగేవాళ్లు లేక జాతి అంతరించే దాకా వచ్చింది. పలమనేరు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుకుంటూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన నివాసంలో వీటికి మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. పాలు చాలవని వద్దనుకున్న ఆవును, ఇప్పుడు ముచ్చటగా పొట్టిగా ఉందని లక్షలు పోసి కొంటున్నారు. ఎత్తు చాలదని వెనక్కి తగ్గదలచిన యువకుడు ఈ ఆవుల దగ్గర ఎక్కువసేపు నిలబడరాదు, లేనిపోని ధైర్యం వస్తుంది.

కుప్పంలో పని తేలిక. బెంగళూరు రైల్లో వంద కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ఆమె అక్కడి ఉద్యోగానికి రైలెక్కడం, అతను ప్లాట్‌ఫారం మీద మిగిలిపోవడం చాలు, తక్కిన దూరాన్ని అతనే కొలుచుకుంటాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడే ఊరు కనుక ఏ భాషలో చెబితే బాగుంటుందో తేల్చుకోవడానికే ఏళ్లు పడతాయి. 1997 నుంచి ఇక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది గానీ, మూడు భాషల్లోనూ మౌనంగా ఉండడానికి దానితో పనిలేదు.

ఈ విద్యకు అసలు అడ్డంకి తిరుమల కొండ. స్థలపురాణం ప్రకారం శ్రీనివాసుడు పుట్టలో తలదాచుకుంటూ, నారాయణవనం రాజు కూతురు పద్మావతి మీద మనసుపడ్డాడు. తొలి కలయికలోనే చెలికత్తెలు రాళ్లు రువ్వారు. ఆయన అంతటితో తూకం వేసుకుని ఊరుకోలేదు. ఎరుకలసాని వేషంలో అంతఃపురానికే వెళ్లాడు, వకుళమాతను సంబంధం మాట్లాడడానికి పంపాడు, పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. ఆ వడ్డీ ఇప్పటికీ హుండీ నుంచే తీరుతోందని భక్తుల నమ్మకం. అభ్యాసకుడు ఈ కథలో అప్పు భాగాన్ని మాత్రమే గుర్తుంచుకోవాలి. అడిగాడు కాబట్టి పెళ్లయింది అన్న భాగం మీద మనసు నిలపరాదు.

విద్య ఫలించిందనడానికి గుర్తు ఆమె పెళ్లిపత్రిక. పెళ్లికి వెళ్లాలి, పందిట్లో బంతి వడ్డించాలి, వరుడి జీతమెంతో కనుక్కోవాలి. తనకంటే తక్కువని తేలితే ఎవరికీ చెప్పరాదు. చివరగా ముయ్యి చదివించి, పుస్తకంలో పేరు సరిగా రాశారో లేదో చూసుకోవాలి. ముయ్యి తిరిగి రావాల్సిన డబ్బు. అతని పెళ్లి జరిగితే తప్ప వసూలు కాదు.