నాకాడ బాగానే నడస్తంది కదేటి! (సటీకా తాత్పర్యం)

అవతారిక

కాళిదాసు కావ్యాలకు మన మెతుకుసీమ కొల్చారం నుంచి మల్లినాథసూరి దొరికాడు. రాత్రి పదకొండింటికి కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకరినొకరు ఆడిపోసుకునే ఉత్తరాంధ్ర కుర్రాళ్ల వాక్కుకు మాత్రం ఇంతవరకు ఒక్క వ్యాఖ్యాతా దొరకలేదు. ఆ కొరత తీర్చడానికి మేము పూనుకున్నాము. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడు నియమం పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం పాటిస్తాము. రెండో సగం మావల్ల కాదు.

సందర్భం: పలాసలో ఇంటి నుంచి పనిచేసే కుర్రవాడు రాసిన ప్రోగ్రాం సర్వర్ మీదికి వెళ్లి పడకేసింది. హైదరాబాదులో ఉన్న బొబ్బిలి సీనియర్ ఫోను చేసి ‘ఏటైనాది?’ అని అడిగాడు. ఆపైన నడిచినదే మూలం. దీని కర్త ఎవరో తెలియదు. రాజాం ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు తమదే అంటారు, టెక్కలి వాళ్లు తమదే అంటారు. విజయనగరం వాళ్లు ఇద్దరినీ చూసి నవ్వుతారు.

మూలము

‘నాకాడ బాగానే నడస్తంది కదేటి!’
‘ఐతే నీ లేప్‌టాప్‌నే పార్సిల్ కట్టీసి బస్సెక్కించీరా బావా!’

ప్రతిపదార్థము

నాకాడ = ఏ కాలంలో ఏమేమి ఎక్కించుకున్నానో నాకే గుర్తులేని నా యంత్రమునందు; బాగానే = నేను చూస్తుండగా ఒక్కసారి; నడస్తంది = ఎర్రక్షరాలు రాకుండా ముగియుచున్నది; కదేటి = ఇంతటితో నన్ను వదిలిపెట్టుము.

ఐతే = నీ మాట నమ్మినట్టు నటించి; నీ లేప్‌టాప్‌నే = ప్రోగ్రామును కాదు, దాన్ని మోయుచున్న యంత్రమునే; పార్సిల్ కట్టీసి = ఛార్జరుతో సహా మూటగట్టి; బస్సెక్కించీరా = ఆర్టీసీ పార్సిల్ కౌంటరులో అప్పగించుము; బావా = ఈ మాట గొప్పది గనుక రసవిచారంలో చెప్పబడును.

తాత్పర్యము

తప్పు నాది కాదని కుర్రవాడు. నీ దగ్గర నడిస్తే కస్టమరుకేమి లాభమని సీనియరు.

ఛందస్సు, అలంకారము

ఛందస్సు లేదు. యతి మాత్రం సర్వర్ ఎక్కడ ఆగితే అక్కడ పడుతుంది. మొదటి పాదంలో అలంకారం చెప్పేవాడికి స్వభావోక్తి, వినేవాడికి అతిశయోక్తి. రెండవ పాదంలో పైకి విధి, లోపల నిషేధం. ‘పంపించు’ అంటే ‘ఇంకోసారి ఆ మాటనకు’ అని ధ్వని.

శంక, సమాధానము

శంక: ఒకే ప్రోగ్రాము పలాసలో నడిచి సర్వర్‌లో నడవకపోవడమేమి? అక్షరం మారలేదు గదా?

సమాధానం: అక్షరం మారలేదు. అక్షరాన్ని చూసే కళ్లు మారాయి. కుర్రవాడు బొమ్మ ఫైలుకు పెద్ద ఎల్‌తో ‘లోగో’ అని పేరు పెట్టి, ప్రోగ్రాంలో చిన్న ఎల్‌తో పిలిచాడు. అతని ఇంటి విండోస్ మామూలుగా ఈ రెంటినీ ఒకటిగానే చూసి, బొమ్మ తెచ్చి ఇచ్చేసింది. సర్వర్‌లోని లినక్స్‌కు అవి రెండు వేరు పేర్లు. ‘అట్టివాడు ఈ ఇంట లేడు’ అంది. తెలుగు లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కాబట్టి ఈ దోషం మనవాళ్లకు మరింత సులభసాధ్యమని మా అభిప్రాయం.

ఇంకొక హేతువు కాలం. సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ సమయం పాటిస్తాయి. మనం దానికన్నా అయిదున్నర గంటలు ముందున్నాము. కాబట్టి అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదున్నర దాకా మనకు ఒక తేదీ, దానికి ఇంకొకటి. జూన్ నెలలో అరసవల్లిలో అయిదున్నరకు ముందే సూర్యుడు పైకి వస్తాడు. ప్రత్యక్ష దైవమే వచ్చి నిలబడినా సర్వర్‌కు ఇంకా నిన్ననే. ఆ వేళ ‘ఈరోజు లెక్కలు’ అడిగితే నిన్నటివి వస్తాయి.

పూర్వపక్షము, సిద్ధాంతము

ఆ కుర్రవాడిది ఒట్టి తప్పించుకునే మాట అని పూర్వపక్షం. కాదని మా సిద్ధాంతం. ‘నాకాడ’ అని హద్దు గీసుకుని చెప్పాడు కాబట్టి అతను పలికింది అక్షరసత్యం. అంతేకాదు, దోషం వెదికేవాడికి అంతకన్న పనికొచ్చే మాట ఇంకొకటి లేదు. ఇక్కడ నడిచి అక్కడ నడవలేదంటే, తప్పు ఈ రెండు చోట్లకూ ఉన్న తేడాలో దాగి ఉంది. ఇక వెదకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోయినట్టే. సీనియరు వేళాకోళం కూడా ఆ తేడానే చూపిస్తోంది. ‘నీ లేప్‌టాప్‌నే’ అన్న మాటలో రోగ నిర్ణయం ఉంది.

ఈ వేళాకోళం ఊరికే పోలేదు. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ శాంటా క్లారాలో పైథాన్ వాళ్ల సభ ముందు డాకర్‌ను చూపించాడు. ప్రోగ్రాముతోబాటు దానికి కావలసిన లైబ్రరీలు, అమరికలు అన్నీ ఒకే మూటగా కట్టి ఎక్కడికైనా పంపే సాధనమది. ‘నీ యంత్రాన్నే పంపీ’ అన్న ఎకసెక్కెమే డాకర్ అయిందని ప్రోగ్రామర్లు నేటికీ నవ్వుకుంటారు. బస్సొక్కటే తక్కువ.

ప్రమాణము

శాస్త్రంలో వేళాకోళానికి చోటుందా అంటే, శిష్టాచారం ఉంది. ఇంటర్నెట్ నియమాలు రాసే పెద్దలే 1990 ఏప్రిల్ 1న పావురాల కాళ్లకు కట్టి సమాచారం పంపే పద్ధతిని 1149వ నియమపత్రంగా ప్రకటించారు. 2001లో నార్వేలోని బెర్గెన్ లినక్స్ బృందం నిజంగానే పావురాలను ఎగరేసింది. తొమ్మిది పిలుపులకు నాలుగు జవాబులు తిరిగొచ్చాయి. ఇదే పని టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వచ్చే కొంగలకు అప్పగిస్తే ఒక్క పిలుపూ దారి తప్పదు. జవాబుకు ఆరు నెలలు ఆగాలి, అంతే.

శాస్త్రసామ్యము

ఉత్తరాంధ్రకు తప్పు పట్టే విద్య కొత్త కాదు. విజయనగరం సంస్కృత కళాశాల తాతా సుబ్బరాయశాస్త్రి వంటి వైయాకరణులు మెలగిన చోటు. అక్కడ ఒకరు సూత్రార్థం చెబితే ఇంకొకరు ఆక్షేపించేవారు, ఆక్షేపణకు నిలిచిన అర్థమే అర్థం. నేడు ఒకడు రాసిన కోడును ఇంకొకడు చూసి ‘ఇదేటి, ఇక్కడ సున్నా వస్తే ఏటవుద్ది?’ అని గుచ్చడం ఆ శాస్త్రార్థమే. అర్ధమాత్ర మిగిలితే కొడుకు పుట్టినంత సంబరం వైయాకరణులకని లోకోక్తి. నలభై పంక్తులను నాలుగు చేసినవాడు మిత్రులకు టీ ఇప్పించడం మేమెరుగుదుము. కంప్యూటర్ భాషల వ్యాకరణం రాసే బాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని ఇంగర్‌మన్ అనే ఆయన 1967లోనే ఒక ఉత్తరం అచ్చువేయించాడు. కాబట్టి చుట్టరికం పాతదే.

పాఠాంతరములు

‘నిన్నటిదాకా బాగానే నడిసింది.’ ‘నానేటీ ముట్టుకోనేదు.’ ‘ఓపాలి ఆపీసి మల్లీ ఏసి సూడు.’ ఇవి మూడూ గ్రాహ్యాలు. మూడోదానితో నిజంగానే పని జరగడం శాస్త్రానికి సిగ్గుచేటు. ‘కరెంటు పోనాది’ అనేది నాలుగో పాఠం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చినప్పుడు దీనికి తిరుగులేని ప్రామాణ్యం ఉండేది. తక్కిన రోజుల్లో ప్రక్షిప్తం.

రసవిచారము

రసం హాస్యమే గాని, స్థాయి భయం: రేపు ఉదయం మీటింగు. ఇక ‘బావా’. ఈ ఇద్దరికీ ఊరు ఒకటి కాదు, కులమూ ఒకటి కాకపోవచ్చు. అయినా మన వరసల్లో వేళాకోళానికి పూర్తి హక్కున్నది బావకే. బావ అన్న మాటకు ఉడుక్కోవచ్చు గాని పగ పెట్టుకోకూడదు. గిట్ అనే సాధనంలో ఏ పంక్తి చివరిసారి ఎవరు మార్చారో చూపే ఆదేశం ఉంది, దాని పేరే బ్లేమ్, అనగా నింద. మన సీనియరు ముందు బావా అని పిలిచి, ఆ తరువాత అదే ఆదేశం కొట్టాడు. కుర్రవాడు కూడా ఉడుక్కుంటూనే ఫైలు పేర్లు చూసుకున్నాడు. పావుగంటలో ‘ఎల్లు పెద్దదైపోనాది బావా’ అన్నాడు. తప్పు బయటపడింది, తల దించుకోవలసిన పని పడలేదు. ఈ సూత్రానికి ఇదే పరమార్థం.

ఫలశ్రుతి

ఈ టీకను శుక్రవారం సాయంత్రం పఠించినవారు ఆ పూట సర్వర్ జోలికి పోరు. సోమవారం పఠించినవారికి చిన్నక్షరాలు, పెద్దక్షరాలు వేరువేరుగా కనిపించును. జీతాలు పెంచే నెలలో పఠించినవారి వేళాకోళం వినయంగా మారును. డెమోకు పది నిమిషాల ముందు పఠించినవారికి మాత్రం ఏ ఫలమూ చెప్పబడలేదు. అక్కడ మొక్కు తప్ప వ్యాఖ్యానం పనిచేయదు.