అద్దాల కిటికీ 4కే రీరిలీజ్

ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త గ్రాఫిక్స్‌తో వచ్చిన ప్రతిసారీ కిటికీలకు మెరుపు వస్తుంది, నిన్నటిదాకా బాగా నడిచిన కంప్యూటర్‌కు వృద్ధాప్యం వస్తుంది. హైదరాబాద్ వెంగళరావు నగర్‌లో ఈ జబ్బు రెండు రకాలుగా కనిపిస్తుంది. అమీర్‌పేట వైపు కోర్సులు నేర్చుకునేవారు కొత్త వెర్షన్ దిగిన రాత్రే ఎక్కించేస్తారు. ఫిల్మ్‌నగర్ వైపు ఎడిటింగ్ చేసేవారు సినిమా విడుదలయ్యేదాకా అప్‌డేట్ బటన్ జోలికే పోరు. మొదటివారికి ఉత్సాహం ఎక్కువ, రెండోవారికి నిర్మాత ఫోన్లు ఎక్కువ.

2007 జనవరిలో వచ్చిన విండోస్ విస్టాకు ఏరో అనే గాజు పూతే హీరో. వెనకున్న కిటికీ ముందున్న కిటికీలోంచి మసగ్గా కనిపించాలంటే 1 జీబీ ర్యామ్, 128 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలన్నారు. ‘విస్టా కేపబుల్’ స్టిక్కర్ అంటించుకుని అమ్ముడైన లాప్‌టాప్‌లు కొన్నింటిలో ఆ గాజే పలకలేదు. అమెరికాలో వ్యవహారం కోర్టుకెక్కింది. స్టిక్కర్ మాత్రం గట్టిది, గోకినా ఊడేది కాదు.

ఆటల గ్రాఫిక్స్ నడిపే డైరెక్ట్‌ఎక్స్ 10 కూడా విస్టాకే పరిమితమైంది. డ్రైవర్ల నిర్మాణమే మారిందన్న కారణం అబద్ధం కాదు. అయితే ఆ ఏడాదే వచ్చిన క్రైసిస్ ఆటలో విస్టావాళ్లకని దాచిన హంగులు చాలావరకు పాత విండోస్ ఎక్స్‌పీలో ఒక ఫైలు దిద్దగానే బయటపడ్డాయి. 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12ను విండోస్ 10కే కట్టేశారు. 2019లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కోసం అది విండోస్ 7లోకీ దిగింది. పెద్ద గిరాకీ తలుపు తడితే కుదరనివీ కుదురుతాయి.

2012 అక్టోబర్‌లో విండోస్ 8 ఆ గాజును పీకేసి చదును రంగులు పూసింది. అదే ఏడాది జులైలో హైదరాబాద్ మకుట సంస్థ గ్రాఫిక్స్‌తో ‘ఈగ’ సినిమా విడుదలై, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు తెచ్చింది. ఈగ రెక్కల్లోంచి వెలుతురు దూరడం రెండరింగ్ సాఫ్ట్‌వేర్ చలవ, కిటికీల మెరుపుది కాదు. టైటిల్ బార్ ఎంత మెరిసినా నేల టికెట్ ప్రేక్షకుడికి కనిపించదు. పెద్ద వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలు ఎక్కువగా వాడేది, ఏ నగా పెట్టుకోని లినక్స్‌నే.

యాపిల్ 2018లో మ్యాక్‌ఓఎస్ మొజావీ తెచ్చింది; తన గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ‘మెటల్’ తెలిసిన కార్డు లేనిదే అది ఎక్కనంది. ఎన్విడియా కొత్త కార్డులకు మొజావీ డ్రైవర్లే రాలేదు. ఖరీదైన కార్డు కొన్న ఎడిటర్ పాత వెర్షన్ హై సియెరాలోనే కూర్చున్నాడు. అప్‌గ్రేడ్ చేయకపోవడమే అతనికి దక్కిన అప్‌గ్రేడ్.

2025 సెప్టెంబర్‌లో మ్యాక్‌ఓఎస్ టాహో ‘లిక్విడ్ గ్లాస్’తో దిగింది. 2022 ఆగస్టులో ‘పోకిరి’ని 4కేలో మళ్లీ వేసినప్పుడు అది పాత సినిమా అని తెలిసే అభిమాని టికెట్ కొన్నాడు. టాహోలో మాత్రం పాత గాజుకు కొత్త సినిమా పోస్టర్ వేశారు. టికెట్ ఉచితమే, థియేటరే కొత్తది కొనుక్కోవాలి.

మారడానికి సరైన కారణాలు వేరే ఉన్నాయి: పని చేసుకునే సాఫ్ట్‌వేర్ పాతదాంట్లో నడవనప్పుడు, భద్రతా అప్‌డేట్లు ఆగినప్పుడు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. దానికోసం మారినవారిది అవసరం. గాజు కోసమే కొత్త కంప్యూటర్ కొన్నవారు ఆ డబ్బుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే రెండరింగ్‌కైనా పనికొచ్చేది.